వీథి నుండి చట్టసభకు: వణుకుడు రోగము కథ

లండను నగరమునకు ఈశాన్యమున హాక్‌స్టన్ అను పేట యున్నది. రెండువందల యేండ్ల క్రిందట అది ధనికుల పేట కాదు. చేతిపనులవారు, కూలీలు, చిల్లర వర్తకులు కాపురముండిన చోటు. ఆ పేట నడుమ చౌకమున, 1వ నంబరు ఇంటిలో, జేమ్సు పార్కిన్సన్ అను వైద్యుడు ఉండెడివాడు. 1755 ఏప్రిల్ 11వ తేదీన ఆయన పుట్టినది ఆ పేటలోనే. తండ్రి చేసిన వైద్యవృత్తినే, తండ్రి చూచిన కుటుంబములకే, తానును చేసినాడు. 1824 డిసెంబరులో కన్నుమూసినదియు ఆ ప్రాంతముననే. ఒక్క పేటలో ఒక జీవితకాలము వైద్యము చేసినవానికి అందలి మనుష్యుల ముఖములే కాక, నడకలు కూడ కంఠస్థమై యుండును.

ఆయన వీథిలో పోవుచు జనుల నడకను గమనించెడివాడు. కొందరు ముందునకు వంగి, చేయి వణకుచుండగా, చిన్నచిన్న అడుగులతో పరుగువంటి నడక నడచుచుండిరి. వారిని ఇతరులు చూడలేదా యనిన, చూచినారు. చూచి ముసలితనమనుకొన్నారు, త్రాగుడు ఫలమనుకొన్నారు, ఏదో పక్షవాతమనుకొన్నారు. పార్కిన్సన్ మాత్రము వారందరిలో ఒకే పోలిక యున్నదని గుర్తించినాడు. 1817లో, తనకు 62వ యేట, 66 పుటల చిన్న పుస్తకము ప్రకటించినాడు. దాని పేరును ‘వణుకు పక్షవాతమును గూర్చిన వ్యాసము’ అని తెలుగున చెప్పుకొనవచ్చును.

అందు ఆరుగురి వృత్తాంతములున్నవి. మొదటివాడు తోటమాలి, యాబదియేండ్లు దాటినవాడు, మితముగా బ్రదికినవాడు. రెండవవాడు న్యాయాధికారి కచేరిలో పరిచారకుడు, 62 ఏండ్లవాడు. మూడవవాడు సుమారు 65 ఏండ్ల నావికుడు. ఈ రెండవ మూడవ మనుష్యులు ఆయన యొద్దకు వైద్యమునకై వచ్చినవారు కారు. వీథిలో కనబడగా ఆయనయే పలుకరించి వివరములు తెలిసికొన్నాడు. నావికుడు తన రోగమునకు కారణము తానే చెప్పుకొన్నాడు: స్పెయిను దేశపు చెరసాలలో కొన్ని నెలలు తడినేలపై పరుండుటచేత వచ్చినదని. ఐదవవానిని పార్కిన్సన్ దూరము నుండి మాత్రమే చూచినాడు. ఆ పెద్దమనిషికి నడక పూర్తిగా తప్పినది. పరుగు మాత్రము మిగిలినది. సేవకుడు ఎదుట నిలిచి రెండు భుజములు పట్టుకొనగా ఆయన ముందు వెనుకలకు మెల్లగా ఊగి, తూకము కుదిరిన తరువాత మాట ఇచ్చి, పరుగు లంకించుకొనును. సేవకుడు ప్రక్కకు తప్పుకొని ముందుకు పరుగెత్తి, ఇరువది అడుగుల దూరమున ఆయన పడిపోకుండ పట్టుకొనును. వైద్యగ్రంథములలో ఇట్టి దృశ్యములు అరుదు. రోగి ఎంత కనబడుచున్నాడో సేవకుడును అంత కనబడుచున్నాడు. ఈ సేవకుని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను; చివర మరల అతని ప్రసక్తి వచ్చును.

పార్కిన్సన్ చెప్పినవన్నియు నిలువలేదు. రోగమూలము మెడ యొద్ద వెన్నుపాములో నున్నదని ఆయన ఊహించినాడు, అది తప్పు. మెడ నుండి రక్తము తీయుటను చికిత్సగా సూచించినాడు, అది నిరుపయోగము. బుద్ధికి ఏమియు లోపము రాదన్నాడు. చాలమందికి చాలకాలము నిజమే గాని, రోగము ముదిరిన పిమ్మట జ్ఞాపకశక్తి, ఆలోచన కూడ దెబ్బతినుట కలదని తరువాతివారు తెలిసికొన్నారు. అయినను, విశ్రాంతిగా ఉంచిన చేతియందే వణుకు అధికమగుట, దేహము ముందునకు వంగుట, రోగము ఏండ్ల తరబడి దొంగవలె మెల్లగా ప్రవేశించుట, ఈ మూడింటిని కలిపి ఒకే రోగముగా చూచిన మొదటి చూపు ఆయనదే. తాను చేసినది ఊహ మాత్రమేయని, శరీరమును కోసి చూచి పరీక్షించువారు ఈ పనిని ముందుకు తీసికొనిపోవలెనని కూడ వ్రాసినాడు. ఆ వినయము నేటికిని చదువువారికి ఇంపుగా నుండును.

ఈ వైద్యునకు మరియొక ముఖమున్నది. దానిని వైద్యచరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటవేయుట వాడుక. ఫ్రెంచి విప్లవము జరిగిన దశాబ్దమున ఇంగ్లండులో పార్లమెంటు సంస్కరణ కోరుచు సామాన్యులు సంఘములు పెట్టుకొన్నారు. వానిలో ముఖ్యమైన లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో పార్కిన్సన్ సభ్యుడు. ‘ముసలి హ్యూబర్టు’ అను మారుపేరుతో కరపత్రములు వ్రాసినాడు. ఎడ్మండు బర్కు సామాన్య జనమును పందులతో పోల్చగా, 1793లో ఈయన ఆ పందుల పక్షముననే బర్కునకు విన్నపము వ్రాసి ఎగతాళి చేసినాడు. 1794లో వెలువడిన మరియొక కరపత్రమునకు ‘రక్తపాతము లేని విప్లవములు’ అని పేరు. పన్నులు పేదలపై ఎక్కువగాను, ధనికులపై తక్కువగాను పడకూడదనియు, కూలి పెంచుడని కలిసికట్టుగా కోరిన పనివారిని చెరలో పెట్టకూడదనియు అందు వాదించినాడు. ఆనాడు ఇట్టి మాటలకు చెరసాల దూరము కాదు.

ఆ సంవత్సరముననే మూడవ జార్జి రాజును నాటకశాలలో విషపు ములికితో చంప కుట్ర పన్నినారని ఆ సంఘమువారిని కొందరిని పట్టుకొన్నారు. బొమ్మతుపాకి కుట్ర యని జనులు దానిని పరిహసించినారు. పార్కిన్సన్‌ను సాక్షిగా ప్రివీ కౌన్సిల్ ఎదుటకు పిలిపించినారు. ప్రధానమంత్రి పిట్టు కూడ అక్కడ నుండెను. తన నోటితో తనకు శిక్ష తెచ్చుకొను ప్రశ్నలకు సమాధానము చెప్పనవసరము లేదని హామీ పుచ్చుకొనిన పిమ్మటనే ఆయన నోరు విప్పినాడు. ఆ కరపత్రము తనదేయని ఒప్పుకొన్నాడు. తరువాత అభియోగము విచారణలో నిలువలేదు. అనంతరము ఆయన రాజకీయ కరపత్రములు మాని, పేదపిల్లల చదువును గూర్చియు, పరగణావారు మిల్లులకు పనికి పంపు అనాథల స్థితిని గూర్చియు, పిచ్చివారి ఆశ్రయములను అదుపుచేయు చట్టమును గూర్చియు వ్రాయుచు వచ్చినాడు. అనగా కలము మారలేదు, గొంతు తగ్గించినాడు.

ఇట్టివాడు తన పేర వెలసిన రోగమునకు రాజ్యము ఏమి చేయవలెనో 1817 నాటి పుస్తకమున చెప్పలేదు. చెప్పవలసినదని నిందించుట న్యాయము కాదు. పేరు లేని రోగమునకు చట్టము ఏమి చేయగలదు? ముందు పేరు, తరువాత మందు, ఆ తరువాత హక్కు. ఈ మూడును వచ్చుటకు 200 ఏండ్లు పట్టినది. మూడవది ఇంకను వచ్చుచునే యున్నది.

పేరు పారిసునుండి వచ్చినది. సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో వేలకొలది నిరుపేద వృద్ధస్త్రీలను పరీక్షించిన షార్కో అను మహావైద్యుడు, పార్కిన్సన్ మరణించిన యాబదియేండ్ల ప్రాంతమున, ఈ రోగమును ‘వణుకు పక్షవాతము’ అనుట తగదన్నాడు. రోగులలో బలము నశించుట లేదు. కొందరిలో వణుకే లేదు. కావున దీనిని పార్కిన్సన్ రోగమని పిలువవలెనని నిర్ణయించినాడు. మన ఆయుర్వేదమున కంపవాతమను మాట యున్నది. వాడుకలో వణుకుడు రోగమందుము. షార్కో ఆక్షేపణ ఈ పేర్లకును వర్తించును. వణుకు కంటికి కనబడును గాని రోగిని ఎక్కువగా బాధించునది మందగమనము: బొత్తాము పెట్టుకొనుటకు పది నిమిషములు, ప్రక్కమీద ఒత్తిగిలుటకు మరియొకరి సాయము, గుమ్మము ముందు పాదములు నేలకు అంటుకొనిపోవుట, చేవ్రాత చీమల బారువలె చిన్నదగుట, ముఖమున భావము తొలగుట, కంఠస్వరము క్రుంగుట. మాటయే జీవనమైన ఉపాధ్యాయునకు, వకీలునకు, మాబోటి రేడియో ప్రసంగకులకు ఈ చివరిది ఎట్టి శిక్షయో వేరుగ చెప్పనక్కరలేదు.

మందు కథలో మన దేశమునకు రెండు చోట్ల సంబంధమున్నది. సర్పగంధి వేరునుండి తీసిన రిసర్పిన్ అను ద్రవ్యమును స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు ఇచ్చి చూచినాడు. అవి కదలిక లేక చెవులు వ్రేలవైచి పడియున్నవి. పిమ్మట డోపా అను ద్రవ్యమును ఎక్కించగా కొద్దిసేపటిలో లేచి తిరిగినవి. ఇది 1957 నాటి మాట. మెదడులో డోపమిన్ అను రసాయనము కదలికలను నడపుచున్నదని దీనివలన తేలినది. 1960లో వియన్నా నగరమున ఎరింగర్, హార్నికీవిచ్ అనువారు ఈ రోగముతో మరణించినవారి మెదళ్ళను పరీక్షించి, వానిలో డోపమిన్ మిక్కిలి క్షీణించినదని చూపినారు. మరుసటి యేటనే రోగులకు లెవోడోపాను సూదిద్వారా ఇచ్చి చూచినారు. మంచమున పడియున్నవారు కొన్ని గంటలపాటు లేచి నడచినారు. 1967లో అమెరికాలో కాట్జియాస్ అను వైద్యుడు డోపాను నోటిద్వారా, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా హెచ్చించుచు ఇచ్చు పద్ధతిని చూపినాడు. 1970లో అక్కడి ప్రభుత్వము లెవోడోపాను అంగీకరించినది.

రెండవ సంబంధము ఇంతకు ముందటిది. 1937లో, ఆంధ్ర జిల్లాలు ఇంకను మద్రాసు రాజధానిలో నున్న కాలమున, మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు దామోదరన్, రామస్వామి అనువారు దూలగొండి గింజలనుండి ఈ లెవోడోపానే వేరుచేసి ప్రకటించినారు. మన పొలముల గట్లమీద, కంపలమీద ప్రాకి, తాకినవానికి దురద పుట్టించు ఆ తీగయే ఇది. కపికచ్చువని వైద్యగ్రంథములలో దానికి పేరు. ఆ ద్రవ్యము ఏ రోగమునకు పనికివచ్చునో నాటికి ఎవరికిని తెలియదు. మందు చెపాక్ ప్రయోగశాలలో సీసాలో నుండగా, దానిని కోరవలసిన రోగులు ముప్పదియేండ్లు వణకుచు గడపినారు. ఇందు ఎవరి దోషమును లేదు. (ఈ మాట విని గింజలు నూరుకొని త్రాగబోవువారు దయచేసి ఆగవలెను. మోతాదు తెలియని మందు మందు కాదు.)

లెవోడోపా రోగమును మాన్పదు. నడకను అప్పు ఇచ్చును. మొదటి కొన్ని యేండ్లు రోజంతయు సరిపోయిన మందు, తరువాత నాలుగు గంటలకు, మూడు గంటలకు, రెండు గంటలకు దిగజారును. మాత్ర పనిచేయు వేళ రోగి నడచును, మాటాడును, నవ్వును. దాని బలము తగ్గిన వేళ అదే మనిషి కుర్చీలో కొయ్యబారి కూర్చుండును. ఉదయము పది గంటలకు చూచినవాడు రోగమే లేదనును. పదకొండున్నరకు చూచినవాడు జాలిపడును. ఇద్దరును చూచినది నిజమే. గ్రుడ్డితనమును, తెగిన కాలును ఎప్పుడు కొలిచినను ఒకే కొలత వచ్చును. ఈ రోగము గడియారమును బట్టి మారును. ప్రభుత్వముల పద్ధతులన్నియు కదలని వస్తువును కొలుచుటకు ఏర్పడినవి. ఈ చరిత్రలో రోగులు ప్రభుత్వముతో చేసిన వాదములన్నిటికిని మూలమిచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

ఆ వాదము చేసినవారు వైద్యులకంటె ఎక్కువగా రోగులును, వారి బంధువులును. ఇంగ్లండులో 1969లో మాలీ జెంకిన్స్ అను ఆమె, తన సోదరికి ఈ రోగమున్నందున, పార్కిన్సన్ రోగుల సంఘమును స్థాపించినది. ఆ సంఘము 2006లో మొదలుపెట్టిన ప్రచారము ఒకటి ఎంత చిన్నదో అంత గొప్పది. రోగి ఏ విరిగిన ఎముకకో, జ్వరమునకో ఆసుపత్రిలో చేరును. ఇంట ఏడు గంటలకు, పదిన్నరకు, రెండుగంటలకు మాత్ర వేసికొను మనిషికి, వార్డులో మందుల బండి తిరుగు వేళకే మాత్ర దొరకును. ఆలస్యమగుటతో అతడు కొయ్యబారును, మ్రింగుట కష్టమగును, కొన్నిసార్లు ప్రాణము మీదికి వచ్చును. మాత్రను వేళకు ఇయ్యుడని మాత్రమే ఆ సంఘము కోరినది. అక్కడి జాతీయ వైద్య ప్రమాణముల సంస్థ 2018లో, ఆసుపత్రిలోగాని వృద్ధాశ్రమములోగాని ఉన్న ఈ రోగికి నిర్ణీత సమయమునకు అరగంట లోపల లెవోడోపా అందవలెనని ప్రమాణము విధించినది. క్రొత్త మందు కాదు, క్రొత్త భవనము కాదు. ఒక గడియారము, ఒక నియమము.

అమెరికాలో పోరాటము పరిశోధన ధనము కొరకు జరిగినది. కాలిఫోర్నియాకు చెందిన న్యాయవాది జోన్ సామ్యూల్‌సన్ చిన్న వయసుననే ఈ రోగము పాలై, 1991లో పార్కిన్సన్ యాక్షన్ నెట్‌వర్క్ అను సంఘమును పెట్టి, వాషింగ్టనులో చట్టసభవారి గదుల చుట్టు తిరిగినది. ఆ యేడే మే నెలలో మారిస్ యూడాల్ అను ప్రతినిధి సభ్యుడు పదవికి రాజీనామా ఇచ్చినాడు. అరిజోనా రాష్ట్రమువాడు. చిన్ననాడే ఒక కన్ను పోగొట్టుకొనియు బాస్కెట్‌బాల్ ఆటగాడైనవాడు, 1976లో అధ్యక్షపదవికి తన పార్టీ అభ్యర్థిత్వము కొరకు కార్టరుతో పోటీపడి ఓడినవాడు, హాస్యమునకు పేరుపొందినవాడు. ఈ రోగము తగిలిన పిదపను పదియేండ్లకు పైగా సభలో పనిచేసినాడు. తుదకు ఇంటిలో మెట్లమీద పడి గాయపడుటచే విరమించినాడు.

ఆయన పేరుతో బిల్లు వచ్చినది. సెనేటులో దానిని భుజముపై వేసికొన్న ఇద్దరు రెండు పార్టీలవారు. ఒకడు మిన్నెసోటా సభ్యుడు పాల్ వెల్‌స్టోన్, ఈ రోగమును తన తలిదండ్రులలో చూచినవాడు. రెండవవాడు యూడాల్ రాష్ట్రమువాడే యైన జాన్ మెకెయిన్, మంచమున నున్న యూడాల్‌ను ఆసుపత్రికి పోయి చూచి వచ్చుచుండినవాడు. 1997 నవంబరు 13న క్లింటన్ సంతకముతో అది చట్టమైనది. ఏటా పది కోట్ల డాలర్ల వరకు పరిశోధనకు అనుమతి, పరిశోధన కేంద్రముల స్థాపన అందలి ముఖ్యాంశములు. యూడాల్ ఆ మరుసటి యేటి డిసెంబరులో మరణించినాడు. అనుమతి వేరు, కేటాయింపు వేరు అను సంగతి బడ్జెటులు చదువువారికి తెలియనిది కాదు. చట్టమున వ్రాసిన అంకె రొక్కమై ప్రయోగశాలకు చేరవలెనన్నచో ప్రతి యేడును మరల అడుగవలెను. రోగులు ప్రతి యేడును అడిగినారు.

అట్లు అడుగ వచ్చినవారిలో నటుడు మైకేల్ ఫాక్సు ఒకడు. ముప్పదియేండ్లయినను నిండకముందే 1991లో ఆయనకు ఈ రోగమని తేలినది. ఏడేండ్లు దాచి 1998లో ప్రకటించినాడు. 1999 సెప్టెంబరు 28న సెనేటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమీయ వచ్చినపుడు, ఆయన తలచియే మందు వేసికొనకుండ వచ్చినాడు. ఈ విషయమును పిదప తానే వ్రాసికొన్నాడు. కొందరు దీనిని నటన యన్నారు. నేను అట్లనుకొనను. మందు వేసికొని వచ్చియున్నచో సభ్యులు చూచి యుండునది రోగమును కాదు, మాత్రను. ఏ గడియలో రోగమును చూడవలెనో ఆ గడియను ఎన్నుకొను హక్కు రోగిదేయని ఆనాడు ఆయన చేసి చూపినాడు.

ఇంతలో రోగకారణములలో ఒకటి అనుకోని చోట బయటపడినది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకొని, కొద్ది రోజులలోనే ముదిరిన పార్కిన్సన్ రోగులవలె బిగుసుకొనిపోయినారు. వైద్యుడు విలియం లాంగ్‌స్టన్ ఆ మందును వెదకి పరీక్షించి, అందులోని ఎంపీటీపీ అను కల్మషము మెదడులో డోపమిన్ పుట్టు కణములను చంపినదని నిరూపించినాడు. శరీరములో ఆ విషము మారి ఏర్పడు ద్రవ్యమునకును, పారాక్వాట్ అను కలుపుమందునకును నిర్మాణమున పోలిక యున్నది. వెలుపలి విషమువలన ఈ రోగము రావచ్చునా యను ప్రశ్న అప్పటినుండి పొలములవైపు తిరిగినది. ఐరోపా సంఘము 2007లో పారాక్వాట్‌ను తొలగించినది. ఫ్రాన్సు ప్రభుత్వము 2012 మే నెలలో, పురుగుమందులతో పనిచేసిన వ్యవసాయదారులకు వచ్చిన పార్కిన్సన్ రోగమును వృత్తిరోగముగా అంగీకరించుచు ఉత్తరువు చేసినది. కొన్ని నియమములకు లోబడి ఆ రైతునకు పరిహారము అడుగు దారి ఏర్పడినది. పత్తి, మిరప పండించు గుంటూరు, వరంగల్ ప్రాంతములలో వీపున స్ప్రేయరు మోసిన చేతులు పదియేండ్ల తరువాత ఎట్లున్నవో లెక్కించి చూచు భారము మన వ్యవసాయ, ఆరోగ్య శాఖలు రెండును కలిసి వహింపవలసినదని నేను వేరుగ వాదింపనక్కరలేదు.

2024 జూలై 2న అమెరికాలో మరియొక చట్టమునకు అధ్యక్షుని సంతకమైనది. ఈ రోగమును అరికట్టుటకు జాతీయ ప్రణాళిక వేయవలెననియు, ప్రభుత్వ శాఖలతోపాటు రోగులును, వారిని చూచుకొనువారును సలహాసంఘమున కూర్చుండవలెననియు దాని సారము. ప్రతినిధి సభలో 2023 డిసెంబరున 407 ఓట్లతో అది నెగ్గినది; ప్రతికూలించినవి 9. చట్టమునకు పెట్టిన రెండు పేర్లలో ఒకటి సభ్యురాలు జెన్నిఫర్ వెక్స్‌టన్‌ది. 2023లో ఆమెకు మొదట పార్కిన్సన్ అన్నారు. కొన్ని నెలలకు అంతకంటె తీవ్రమైన, దానికి దగ్గరి రోగమని తేల్చినారు. కంఠము సన్నగిల్లగా, తన పాత ప్రసంగముల ధ్వనినుండి యంత్రము కూర్చిన స్వరముతో ఆమె సభలో మాటాడినది.

ఇక మన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో లోకమున 85 లక్షలమందికి పైగా ఈ రోగులున్నారు. పాతికేండ్లలో ఆ సంఖ్య రెట్టింపైనది. ఆయుర్దాయము పెరుగుచున్న దేశములలో అది ఇంకను పెరుగును. 1988లో ప్రకటితమైన బొంబాయి పార్సీల ఇంటింటి పరిశీలనలో లక్షకు 328 మంది రోగులు లెక్కకు వచ్చినారు. పార్సీలలో వృద్ధులు ఎక్కువగుట దీనికి కొంత కారణము. అయినను ఇల్లిల్లు తిరిగి చూచినపుడే రోగులు కనబడుదురని కూడ ఆ అంకె చెప్పుచున్నది.

మన 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు వైకల్యములే చెప్పబడినవి. వానిలో పార్కిన్సన్ పేరు లేదు. 2007లో భారతదేశము ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించిన పిమ్మట క్రొత్త చట్టము కావలసివచ్చినది. 2016 డిసెంబరులో ఉభయసభలును అంగీకరించిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. వైకల్యముల సంఖ్య 21 అయినది. దీర్ఘకాలిక నాడీవ్యాధుల శీర్షికక్రింద పార్కిన్సన్ రోగము పేరుతో చేరినది. హాక్‌స్టన్ వీథిలో ఒక వైద్యుడు గుర్తించిన నడక ఢిల్లీ చట్టపుస్తకమున అచ్చు పడుటకు సరిగా 199 ఏండ్లు పట్టినది.

ఆ చట్టమున ఈ రోగికి అన్నిటికంటె విలువైనది 20వ నిబంధన. ఉద్యోగమున నుండగా వైకల్యము వచ్చినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పని చేయలేనిచో అదే జీతముపై మరియొక పనికి మార్చవలెను. అదియు లేనిచో అదనపు స్థానము కల్పించియైనను ఉంచవలెను. యాబదియవ యేట చేవ్రాత చిన్నదైన గుమాస్తాకు, గొంతు తగ్గిన పంతులుగారికి ఇది కొండంత అండ. కాని ఎందరు ఈ నిబంధనను ఎరుగుదురు? పదవీవిరమణకు దరఖాస్తు పెట్టుకొమ్మని హితవు చెప్పు పై అధికారియు ఎరుగడు, పెట్టుకొను ఉద్యోగియు ఎరుగడు. మరియొక ప్రక్క, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు వంతున కేటాయించిన స్థానముల జాబితాలో ఈ రోగము పేరు చేరలేదు. వైకల్యముగా ఒప్పుకొన్నదానిని కేటాయింపున విడిచిపెట్టుట నాకు సమంజసముగా తోచలేదు.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మన జాతీయ అవశ్యక ఔషధముల పట్టికలో నున్నది. అది మహా ఖరీదైన మందు కాదు. ఖరీదైనది దాని లోపము. ఒక వారము మందుల షాపులో సరుకు లేనిచో మధుమేహ రోగి కష్టపడును. ఈ రోగి మంచము దిగలేడు. జిల్లా ఆసుపత్రినుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వరకు ఈ ఒక్క మాత్ర ఏ నెలను తప్పక యుండునట్లు చూచుట క్రొత్త పథకము కానక్కరలేదు. ఉన్న పంపకములో ఒక వరుస చేర్చిన చాలును.

ఇప్పుడు 1817 నాటి సేవకుని జ్ఞాపకము చేసికొందము. భుజములు పట్టుకొని నిలిచి, ఇరువది అడుగులు ముందు పరుగెత్తి, మనిషిని పడనీయక పట్టుకొన్నవాడు. మన యిండ్లలో ఆ పని జీతము లేని భార్యది, కోడలిది, చదువు మానిన కూతురిది. 2016 చట్టము 24వ నిబంధనలో, అధికముగా సాయము అవసరమగువారికి తోడుండువారి భత్యమును గూర్చి మాట యున్నది. ప్రభుత్వపు ఆర్థికశక్తికి లోబడి యను షరతుతో. ఆ షరతు చాటున ఆ మాట మరుగున పడకుండ చూచుట శాసనసభ్యుల పని. అడుగుట మన పని.

ధ్రువపత్రము లేనిదే ఇవేవియు చేతికందవు. నూటికి 40 పాళ్ళు వైకల్యమున్నదని వైద్యులు ధ్రువపరుపవలెను. సదరం క్యాంపునకు పోవు రోజున రోగి ఏమి చేయును? దూరప్రయాణము, వరుసలో నిలువవలెను, పదిమందిలో పడిపోకూడదు. కావున మాత్ర వేసికొనియే పోవును. వైద్యుని ముందు ఐదు నిమిషములు చక్కగా నడచును. పాళ్ళు తగ్గును. సెనేటు ముందు మందు మాని నిలిచిన నటుని ధైర్యము, మన పల్లెనుండి బస్సెక్కి వచ్చిన ముసలివానిని అడుగుట న్యాయము కాదు. పరీక్షాపత్రముననే ఒక గడి చేర్చవలెను: చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసికొన్నాడు, దాని బలము తగ్గినపుడు ఎట్లు నడచినాడు, మరల వేసికొన్న తరువాత ఎట్లు నడచినాడు. రెండుసార్లు చూచుటకు బోర్డువారికి మరి రెండు మూడు గంటలు పట్టును. అంతసేపు అతడు కూర్చుండుటకు చేతులున్న కుర్చీ యొకటి, త్రాగుటకు నీళ్ళు, ప్రక్కన తోడు వచ్చినవారికి ఒక బల్ల ఏర్పాటు చేయవలెను.